సూది మాకు, లెక్కలు మీకు

మా అవ్వకు ఏడు కాన్పులు. బతికింది నలుగురం. ఏడో కాన్పు అయిన పదో రోజుకే పటేలు పొలంలో నాట్లకు పోయింది, పోకపోతే గాసం లేదు. ఆ రోజుల్లో మా మాదిగవాడకు నర్సమ్మ వస్తోందంటే ఆడోళ్లు ఇంటెనకకు పోయి కూసునేది. నర్సమ్మ వాడ లోపలికి రాదు. చింతచెట్టు కింద నిలబడి రిజిస్టరు తెరిచి పేర్లు పిలుస్తుంది. ఎండలో వచ్చింది గదా అని మా అవ్వ చెంబుతో నీళ్లిస్తే పక్కకు జరిగి నిలబడింది, తాగలేదు. మా చెంబు అంటు. మా గర్భసంచి మాత్రం అంటు కాదు. దాని లెక్క ఆమెకు నెలనెలా కావాలి.

ఆపరేషన్‌కు ఒప్పుకున్న మనిషిని వాళ్ల భాషలో 'కేసు' అంటారు. నర్సమ్మకు ఇన్ని కేసులని లెక్క, టీచరుకు ఇన్ని, గ్రామసేవకునికి ఇన్ని. కాగితం మీద ఆ టార్గెట్లు 1996లో ఎత్తేశారు. మా అక్క అంతకు నాలుగేళ్ల ముందే కేసయింది. 1992, ఇరవై రెండేళ్లు, ఇద్దరు పిల్లలు. బడికి సెలవు పెట్టించి బడిలోనే క్యాంపు పెట్టారు. పొద్దుగూకేలోపల ఆడోళ్లను వరసగా కోసి, వరండాలో చాపల మీద పండబెట్టారు. నేను అక్క తల దగ్గర కూర్చుని ఈగలు తోలిన. ఇంటికి పంపేటప్పుడు ఒకామె చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది: "ఇగ నీకు ఏ రంది లేదు. నిరోధ్ గిరోధ్ ఏం అక్కర్లేదు."

మా బావ లారీ మీద క్లీనరు, తర్వాత డ్రైవరు. బొంబాయి రోడ్డు. నెలకు రెండుసార్లు ఇంటికొచ్చేవాడు. 1999లో టీబీ అని చెప్పి దహనం గూడ చెయ్యకుండా పూడ్చిపెట్టారు. మరుసటేడు అక్కకు పరీక్ష చేస్తే హెచ్.ఐ.వి. ఉందన్నారు. ఆ కాగితం చేతిలో పట్టుకుని అక్క నన్ను ఒకే మాట అడిగింది: "ఆపరేషన్ అయినంక ఏ రంది లేదన్నరు గదనే?" 2003 ఎండాకాలంలో పోయింది. ఉచితంగా ఎ.ఆర్.టి. మందులు ఇచ్చే పథకం మన దేశంలో మొదలైంది 2004 ఏప్రిల్ 1న. ఆ ఏడాది తేడాను నేను ఎవరి ఖాతాలో రాయాలి?

నేను రాయబోయేది సూది గురించి. అక్కకు ఏ హార్మోను సూదీ వెయ్యలేదు. అయినా ఆ సూది మాట ఎక్కడ వచ్చినా అక్క అడిగిన మాట దగ్గరికే నేను తిరిగి వస్తాను, అందుకే ముందు అక్కను చెప్పిన.

సూదులు రెండు రకాలు. ఒకటి డెపో ప్రొవేరా, మూడు నెలలకు ఒకటి. ఇంకోటి నెట్-ఎన్, రెండు నెలలకు ఒకటి. రెండూ ఆడమనిషి ఒంట్లో ఉండే ప్రొజెస్టిరాన్ లాంటి మందులే. అండం విడుదల కాకుండా ఆపుతాయి, గర్భసంచి మూతి దగ్గర జిగురును చిక్కచేస్తాయి. కడుపు రాదు. అంతవరకు పనిచేస్తాయి, అందులో అబద్ధం లేదు. నెలసరి మాత్రం దారి తప్పుతుంది. కొందరికి వారాల తరబడి మరకలు, కొందరికి అసలే ఆగిపోవుడు. ఎముకల గట్టిదనం తగ్గుతుందని 2004లో అమెరికా మందుల సంస్థ డెపో డబ్బా మీద పెద్ద హెచ్చరిక పెట్టించింది. ఆపేశాక మళ్లీ కడుపు నిలవడానికి నెలలు పడుతుంది. నాట్లు వేసేటప్పుడు మోకాటిలోతు బురదలో వంగి ఉండే మనిషికి ఇరవై రోజులు మరక అంటే ఏమిటో ఏసీ గదిలో ఫారం నింపే మనిషికి ఎట్ల తెలుస్తది?

ఈ సూదికి మా వైపు ఒక చరిత్ర ఉంది. మా ఊరి నుంచి బస్సెక్కితే గంటలో పటాన్‌చెరు. 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ సూదిని మన ఆడోళ్ల మీద పరీక్షించబోయారు. పిల్లలు కాకుండా మంచి సూది అని చెప్పి పిలిచారు గానీ ఇది ఇంకా పరీక్షలో ఉన్న మందు అని చెప్పలేదు. హైదరాబాద్‌లో స్త్రీశక్తి సంఘటన వాళ్లకు ఈ సంగతి తెలిసి అక్కడికి పోయారు. ఉన్న సంగతి విడమరిచి చెబితే వచ్చినోళ్లలో చాలామంది లేచి ఇంటికి పోయారు. చదువురాని ఆడోళ్లకు సమ్మతి అంటే ఏం అర్థమవుతుంది అనేవాళ్లకు ఇదే జవాబు. చెబితే అర్థమైంది, అర్థమైనాక లేచిపోయారు. 1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీ సహేలీ, ఇంకొందరు కలిసి సుప్రీంకోర్టుకు పోయారు. ఆ కేసు 2000 దాకా నడిచింది. నెట్-ఎన్‌ను కుటుంబ నియంత్రణ పథకంలో సామూహికంగా వాడబోమని సర్కారు చెప్పిన తర్వాత ముగిసింది.

ఆ పోరాటం చేసిన అక్కలకు నేను చేతులెత్తి మొక్కుతాను. మొక్కుతూనే ఒక మాట అడుగుతాను. ఆ కేసు గురించి నేను చదివిన ప్రతి వ్యాసంలో మావాళ్లు 'గ్రామీణ స్త్రీలు', 'పేద స్త్రీలు', 'నిరక్షరాస్య స్త్రీలు'. ఆ వరసలో కూర్చున్నవాళ్లు ఏ వాడ నుంచి వచ్చారో ఒక్కరూ రాయలేదు. సర్కారు దవాఖాన బల్ల మీద ఎవరు కూర్చుంటారో మన ఊళ్లు తెలిసిన ఎవరికైనా తెలుసు. రెడ్డిగారి కోడలు సంగారెడ్డిలో ప్రైవేటు డాక్టరమ్మ దగ్గరికి పోతుంది. మీకోసం కోర్టు మెట్లెక్కిన వాళ్లం మేమే అంటారు, నిజమే. మేం ఎవరమో రాయడానికి కలం ఎందుకు రాలేదు?

సముద్రం అవతల ఈ మాట కొంచెం స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ దాన్ని రంగు అంటారు, దాచడం కష్టం. డెపోను అమెరికాలోనే గర్భనిరోధానికి 1992 దాకా ఒప్పుకోలేదు. ఒప్పుకోకముందే, 1967 నుంచి 1978 దాకా, అట్లాంటా నగరంలో వేలమంది ఆడోళ్ల మీద పరీక్షించారు. వాళ్లలో పేద నల్లజాతి స్త్రీలే ఎక్కువ. దక్షిణాఫ్రికాలో తెల్లోళ్ల రాజ్యం 1974లో పెద్ద ఎత్తున కుటుంబ నియంత్రణ పథకం పెట్టి నల్ల ఆడోళ్లకు ఈ సూది పంచింది. భూమి లేదు, ఓటు లేదు, పట్నంలో ఉండే హక్కు లేదు, సూది మాత్రం ఉచితం. పక్కన జింబాబ్వే స్వాతంత్ర్యం తెచ్చుకున్న మరుసటేడు, 1981లో, డెపోను నిషేధించింది. నేను ఈ సంగతులు మొదటిసారి చదివినప్పుడు చింతచెట్టు కింద నర్సమ్మ గుర్తొచ్చింది. అక్కడి నర్సు నల్ల ఆడమనిషి చేతి నీళ్లు తాగి ఉంటుందా?

అసలు చిక్కు తర్వాత మొదలైంది. ఈ సూది విరివిగా వాడే దేశాలూ, ఆడోళ్లకు హెచ్.ఐ.వి. ఎక్కువగా వస్తున్న దేశాలూ ఒకటే అయ్యాయి. దక్షిణ ఆఫ్రికా ఖండం, తూర్పు ఆఫ్రికా. సూది వేయించుకున్న ఆడమనిషికి రోగం తొందరగా అంటుతోందా? 1996లో కోతుల మీద ఒక పరీక్ష జరిగింది. ప్రొజెస్టిరాన్ గుళిక చర్మం కింద పెట్టిన 18 కోతుల్లో 14కి ఆ వైరస్ జాతి రోగం అంటింది, గుళికలో మందు లేని 10 కోతుల్లో ఒక్కదానికే అంటింది. లోపలి పొర పలచబడిందన్నారు. కోతికిచ్చింది డెపో కాదు, కోతి మనిషీ కాదు. కానీ అనుమానం పుట్టింది. 2011లో ఇంకో పెద్ద పరిశీలన వచ్చింది. ఏడు ఆఫ్రికా దేశాలు, భార్యాభర్తల్లో ఒకరికి రోగం ఉండి ఇంకొకరికి లేని 3,790 జంటలు. హార్మోను పద్ధతి వాడే ఆడోళ్లకు రోగం అంటే ప్రమాదం వాడనివాళ్ల కంటే దాదాపు రెట్టింపు కనిపించింది. వాళ్లలో ఎక్కువమంది వాడింది సూదే. రోగమున్న ఆడమనిషి సూది వాడితే మగనికి అంటడం కూడా రెట్టింపన్నారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, ఓపిగ్గా వినండి. సూది వాడే ఆడోళ్లు, వాడని ఆడోళ్లు ఒక్కతీరుగా బతకరు. సూది వేసుకుంటే కడుపు భయం ఉండదు గనుక నిరోధ్ మానేస్తారేమో. మరి రోగం సూదివల్ల వచ్చిందా, నిరోధ్ లేనందువల్ల వచ్చిందా? పరిశీలన ఒక్కటే పెట్టుకుని ఇది విప్పలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సూది ఆపనవసరం లేదు గానీ నిరోధ్ గట్టిగా చెప్పండి అన్నది. 2017లో ఇంకో మెట్టు దిగి, ప్రమాదం పెరగొచ్చేమో, ఆ మాట ఆడోళ్లకు చెప్పి ఇవ్వండి అన్నది. సరిగ్గా అదే 2017లో మన సర్కారు ఈ డెపో మందునే 'అంతర' అని ముద్దుపేరు పెట్టి కొన్ని రాష్ట్రాల్లో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టి, తర్వాత మిగతా రాష్ట్రాలకు తెచ్చింది. 1995లో పథకంలోకి వద్దన్న సూదే అది.

ఆ మధ్యకాలంలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి.

మా చిన్నాయన కోడలు నాకు మరదలు వరస. 2018లో ఆమెకు ఇరవై నాలుగేళ్లు, ఇద్దరూ ఆడపిల్లలే. మొగుడు, అంటే నా తమ్ముడే, డీసీఎం వ్యాను నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. ఒకరోజు నా దగ్గరికొచ్చి తలుపు దగ్గరేసి అడిగింది. "వదినా, పట్నంల ప్రైవేటు దవాఖానల మూణ్నెల్ల సూది ఏస్తరట. నాకు ఏపిస్తవా? నిరోధ్ అంటే నీ తమ్ముడు కొడతడు. ఆపరేషన్ అంటే అత్త ఒప్పది, మగపిల్లగాడు కావాల్నట. సూదైతే ఎవరికీ తెల్వది."

నేను వద్దన్న. వద్దనడమే కాదు, అరగంట ఉపన్యాసం ఇచ్చిన. అట్లాంటా చెప్పిన, దక్షిణాఫ్రికా చెప్పిన, పటాన్‌చెరు చెప్పిన, హెచ్.ఐ.వి. వస్తదని చెప్పిన. అంతకుముందు నాలుగేళ్లు ఎయిడ్స్ పథకంలో లింక్ వర్కరుగా ఊళ్లు తిరిగినదాన్ని, నా మాటంటే ఆమెకు గురి. సరే అని తలూపి పోయింది. నాలుగు నెలలకు కడుపొచ్చింది. ఎవరికీ చెప్పకుండా మెడికల్ షాపులో గోలీలు కొనుక్కుని మింగింది. రక్తం ఆగలేదు. రెండు సీసాల రక్తం ఎక్కించారు, బతికింది. దవాఖాన మంచం మీద నా దిక్కు చూసి, కోపం గూడ లేకుండా అన్నది: "సూది వద్దన్నవు, సరే వదినా. మరి ఏం చెయ్యుమన్నవు?"

నా దగ్గర జవాబు లేదు. ఉపన్యాసం ఉంది, జవాబు లేదు. ఉద్యమాల్లో తిరిగే మనందరికీ ఈ రోగం ఉంది మిత్రులారా. వద్దు అనడం వచ్చు. ఆ రాత్రి మొగుడు ఇంటికొస్తే ఆమె ఏం చెయ్యాలో చెప్పడం రాదు.

2019 జూన్‌లో పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. దాన్ని ఎకో అంటారు. దక్షిణాఫ్రికా, ఎస్వాటిని, కెన్యా, జాంబియా. 12 చోట్ల చేస్తే అందులో 9 దక్షిణాఫ్రికాలోనే. 16 నుంచి 35 ఏళ్లలోపు 7,829 మంది ఆడోళ్లు, రోగం లేనివాళ్లు, పిల్లలు వద్దనుకుని వచ్చినవాళ్లు. వాళ్లను చీటీ తీసినట్టు మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు డెపో సూది, ఒక గుంపుకు కాపర్-టి, ఒక గుంపుకు చేతి చర్మం కింద పెట్టే హార్మోను పుల్ల. ఏడాది, ఏడాదిన్నర చూశారు. ఈ మూడింటి మధ్య హెచ్.ఐ.వి. అంటడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చారు. ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూది మీద పెట్టిన హెచ్చరికను తీసేసింది.

ఆ ఏడాది చివర్లో ఒక శిక్షణ సమావేశానికి పోయిన. తెర మీద బొమ్మలు వేసి ఒక డాక్టరు సారు చెప్పాడు: "ఇంక భయం లేదు, సూదికి క్లీన్ చిట్ వచ్చింది." వెనక వరసలోంచి మా సంఘం పిల్లగాడొకడు లేచి, ఇదంతా కంపెనీల కుట్ర, సూదివల్లే ఎయిడ్స్ వస్తది, దళితుల జనాభా తగ్గించడానికే ఇది అని అరిచాడు. సగంమంది చప్పట్లు కొట్టారు. నేను మధ్యలో కూర్చున్న. ఇద్దరి మీదా కోపమొచ్చింది.

ముందు మా పిల్లగానికి చెప్తాను, ఎందుకంటే వాడు మావాడు. తమ్మీ, రుజువు రాకముందు అనుమానపడడం మన హక్కు. రుజువు వచ్చినంక గూడ పాత మాటే అరవడం మన ఆడోళ్లకు ద్రోహం. ఆ పరీక్షలో లోపాలున్నాయి, అవి చెప్పు. ప్రమాదం సగానికి సగం పెరిగితేనే దొరికేటట్టు ఆ పరీక్షను కట్టారు, అంతకంటే చిన్న తేడా ఉంటే దొరక్కపోవచ్చు. పుల్ల పెట్టినవాళ్లతో పోలిస్తే సూది గుంపులో ప్రమాదం కొంచెం ఎక్కువగానే కనిపించింది, కానీ అది కాకతాళీయం కూడా కావచ్చు అన్నారు. ఏ పద్ధతీ వాడని గుంపు అసలు లేదు. ఇవన్నీ చెప్పొచ్చు. 'సూది పొడిస్తే ఎయిడ్స్' అని మాత్రం చెప్పకు. ఆ మాట నేను ఒకసారి చెప్పిన, దాని ధర రెండు సీసాల రక్తం. ఇక జనాభా మాటంటావా, మన ఓట్లు తగ్గుతయని మన నాయకులు గూడ అంటారు. మా కడుపులు మీ ఓటు పెట్టెలు కావు. నర్సమ్మ రిజిస్టరులో ఒక లెక్కగా ఉన్నాం, మీ ఊరేగింపులో ఇంకో లెక్కగా ఉండమంటే ఎట్ల?

ఇప్పుడు డాక్టరు సారుకు. సారూ, మీరు తెర మీద మూడు గుంపులు చూపించి తేడా లేదన్నారు. నేను ఆ మూడు గుంపుల కింద ఉన్న అంకెలు చదివిన. సూది గుంపులో 143 మందికి రోగం వచ్చింది. కాపర్-టి గుంపులో 138. పుల్ల గుంపులో 116. మొత్తం 397. ఏడాదికి నూరుమంది ఆడోళ్లలో దాదాపు నలుగురు. పిల్లలు వద్దని దవాఖానకు వచ్చిన ఆడోళ్లు వీళ్లు. సగటున ఇరవై మూడేళ్లవాళ్లు. సలహాలు చెప్పే మనుషులు ఉన్నారు, నిరోధ్ ఉచితంగా ఇచ్చారు, అంత పెద్ద పరీక్షలో ఉన్నారు, ఉన్నాగానీ ఏడాదికి నూటికి నలుగురు. పరీక్ష మొదట్లోనే చూస్తే నూటికి 18 మందికి క్లమీడియా అనే సుఖరోగం ఉంది, వాళ్లకే తెల్వదు. మీరు ఒక గుంపుకూ ఇంకో గుంపుకూ మధ్య తేడా వెతికారు. మూడు గుంపులూ కలిసి మునిగిపోతున్నయని మీ బొమ్మలో ఎక్కడుంది? క్లీన్ చిట్ సూదికి వచ్చింది. ఆ ఆడోళ్లకు ఏమొచ్చింది?

నేను నిలబడి ఇంత బాగా మాట్లాడలేదు. గొంతు వణికింది. సగం చెప్పి కూర్చున్న. భోజనాల దగ్గర ఆ సారు వచ్చి "మంచి పాయింటమ్మా" అన్నాడు, అని స్వీటు ప్లేటు తీసుకుని పోయాడు.

మా అక్క అడిగిన మాట ఇదే. కడుపు రాకుండా చూసే ఆఫీసు ఒకటి, రోగం రాకుండా చూసే ఆఫీసు ఇంకోటి. రెండింటికీ వేర్వేరు బడ్జెట్లు, వేర్వేరు రిజిస్టర్లు, వేర్వేరు గోడల మీద బొమ్మలు. కుటుంబ నియంత్రణ వాళ్లకు మేం 'అర్హులైన దంపతులు', వాళ్ల లెక్కలో పెళ్లయిన ఆడదానికి రోగం రాదు. ఎయిడ్స్ వాళ్లు మొదట సెక్స్ వర్కర్లను, లారీ డ్రైవర్లను చూశారు, లారీ డ్రైవర్ పెండ్లాన్ని చూసేసరికి అక్క మంచం పట్టింది. లింక్ వర్కరుగా నేను తిరిగిన ఊళ్లలో రోగం ఉన్న ఆడోళ్లలో ఎక్కువమంది ఒక్క మొగునితోనే బతికినవాళ్లు. చాలామందికి ఆపరేషన్ అయిపోయింది. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడోళ్లలో నూటికి దాదాపు 70 మందికి ఆపరేషన్ అయింది, తెలంగాణలో నూటికి 60 దాటింది. పిల్లలు వద్దనుకుని నిరోధ్ వాడే జంటలు ఆంధ్రాలో నూటికి ఒకటి గూడ లేవు. దేశ సగటు కంటే హెచ్.ఐ.వి. ఎక్కువున్న రాష్ట్రాలివి. ఆపరేషనైనా, సూదైనా, కాపర్-టి అయినా ఒక్క తలుపే మూస్తుంది. రెండో తలుపు తీసే ఉందని చెప్పకపోవడం ఒక తప్పు. 'ఇగ ఏ రంది లేదు' అని చెప్పడం అంతకంటే పెద్ద తప్పు.

రెండో తలుపు ఎవరి చేతిలో ఉంది? మగోని చేతిలో. ఇక్కడ మా దళిత సోదరులకు కోపమొస్తుంది, రానీ. పటేలు, నర్సమ్మ, కంపెనీ, అమెరికా అందరినీ తిట్టిన, ఇంటి ముంగట చెప్పులు విడిచి లోపలికొచ్చేవాణ్ని వదిలిపెడితే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. అంబేద్కర్ జయంతికి నీలి జెండా పట్టుకున్న చేయే నిరోధ్ పొట్లం చూసి "నేనేమన్న రోగిష్టోణ్నా" అని పెండ్లాం చెంప మీద పడుతుంది. మగోళ్ల ఆపరేషన్ చిన్నది, తొందరగా అయిపోతుంది, కోత గూడ లేకుండా చేస్తారు. మా వాడలో ఇప్పటిదాకా ఒక్కడు చేయించుకోలేదు. బరువులు మోయలేమట. మా అవ్వ ఏడు కాన్పుల తర్వాత మోసింది ఏమిటో?

సూది రహస్యంగా వేయించుకోవచ్చు గనుకనే ఆడోళ్లు దాన్ని అడుగుతారు. ఇది మన ఉద్యమాలకు మింగుడుపడని సంగతి. సూది మా మీద ప్రయోగించిన ఆయుధమని మనం అంటాం, అది నిజమే, చరిత్ర ఉంది. అదే సూదిని దక్షిణాఫ్రికాలో ఆడోళ్లు, మా వాడలో నా మరదలు, మొగుని నుంచి దాచుకునే చిన్న స్వేచ్ఛగా పట్టుకున్నారు. ఈ రెండు నిజాలూ ఒకే సీసాలో ఉన్నాయి. సీసా పగలగొడితే రెండూ పోతాయి. నన్నడిగితే సూది ఉండాలి, దాంతోపాటు చెప్పాల్సిన ప్రతి మాటా మా భాషలో చెప్పాలి, మరకల సంగతి ముందే చెప్పాలి, సూది వేసిన చేయే హెచ్.ఐ.వి. పరీక్ష చేయాలి, మొగుణ్ని పిలిచి వానికీ చేయాలి. ఇదేమీ విప్లవం కాదు, రెండు ఆఫీసులు ఒక బల్ల దగ్గర కూర్చుంటే అయిపోయే పని.

ఇప్పుడు ఇంకో సూది వచ్చింది. ఆరు నెలలకు ఒకసారి వేస్తే హెచ్.ఐ.వి. అంటకుండా కాపాడే లెనకాపవిర్. 2024లో దాని ఫలితం వచ్చింది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఆ సూది వేసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికి గూడ రోగం రాలేదు. ఆ అంకె చదివి నేను ఏడ్చిన, దాచుకోను. మళ్లీ అదే ఆడోళ్లు తమ ఒళ్లు పెట్టి ప్రపంచానికి మందు తెచ్చారు. 2024 అక్టోబరులో దాన్ని చౌకగా తయారుచేసేందుకు ఆరు కంపెనీలకు లైసెన్సులిస్తే వాటిలో రెండు హైదరాబాద్‌వే. మందుల కంపెనీల మురికి నీళ్లు ఏళ్లతరబడి పటాన్‌చెరు నక్కవాగులో కలిసి మా పొలాలకు వచ్చాయి. మందు మా వాడకు వస్తుందా అని ఇప్పటినుంచే అడగాలి. పరీక్షలప్పుడు ముందు వరసలో నిలబెట్టినోళ్లను పంపకాలప్పుడు ఎక్కడ నిలబెడతారో చూడాలి. చింతచెట్టు కింద కాదు, మా వాకిట్లోకి రమ్మని పిలవాలి.

నా మరదలు ఇప్పుడు సర్కారు దవాఖానలో సూది వేయించుకుంటోంది. మూణ్నెల్లకొకసారి నేనే తోడు పోతాను. మొదటి రెండు సూదులకు మరకలు విడవకుండా వచ్చాయి. ముందే చెప్పిన గనుక భయపడలేదు, విసుక్కుంది. దవాఖానలో ఆమెకొక కార్డు ఇచ్చారు. దాని మీద తేదీ, మళ్లీ రావాల్సిన తేదీ, బరువు, బీపీ. పోయిన తాప నేను ఆ కార్డు తీసుకుని పెన్నుతో పక్కన ఒక గీత గీసి ఇంకో గడి చేసిన. "తమ్ముని రక్తపరీక్ష" అని రాసిన. నర్సమ్మ చూసి, ఇది మా ఫార్మాట్‌లో లేదమ్మా అన్నది. ఈ నర్సమ్మ మంచిది, మా ఇంట్లో చాయ్ తాగుతుంది. లేదని తెలుసు, అందుకే రాసిన అన్న. ఆ గడి ఇప్పటికి నాలుగు సూదుల నుంచి ఖాళీగా ఉంది. వచ్చే సూది తేదీకి తమ్ముడు వ్యాను తోలుకుని దవాఖాన ముందుకొస్తనన్నడు. వస్తడో రాడో, వాని పెద్దమ్మ లెక్కన నేను పొద్దున్నే పోయి వాకిట్ల కూసుంట అని మా అవ్వ, ఎనభై ఏళ్ల మనిషి, చెప్పులేసుకుని సిద్ధంగా ఉంది.